చీరెలకు కట్టిన బెల్టు

గద్వాల నుంచి శ్రీశైలం దాక నా అసొంటి డ్రైవరు ఇంకొకడు లేడు బావా. బండి పట్టి ఐదేండ్లయితుంది. ఒక్క గీత పడలే, ఒక్క మనిషికి దెబ్బ తగలలే, కోడిపిల్లను గూడ తొక్కలే.

సరే, కోడిపిల్లను తొక్కిన. అయిజ కాడ. దాని తల్లిని గూడ. ఇగ గీతలంటవా, ముంగటి భాగమే లేని బండికి గీతలెక్కడివి? రెండువేల ఆరు మాడలు ఇండికా, షెడ్డుల ఊడదీసి పెడితే కోడికంటె అధ్వాన్నంగ ఉంది. నువ్వు నవ్వకు. నవ్వొస్తే కండ్లతోని నవ్వు. దవడ తీగెలు గుంజుతయని కర్నూల్ల డాక్టరు చెప్పిండు గద.

లేవకు, కూసో. నేను దొంగతనంగ వచ్చిన. అక్క జొన్నలు పట్టించనికె గిర్నికి పోయింది. ఆడ గంపలు బజారు దాక ఉన్నయ్, అక్క గంప అన్నిటికంటె ఎనక ఉంది. చూసే వచ్చిన. అంటే నాకొక గంట దొరికింది. నీకు గూడ ఈ గంట తప్పదు. పైదవడ కిందిదవడ కలిపి తీగెతోని బిగిచ్చిండ్రు, కుడిచెయ్యికి సిమెంటు పట్టి ఏసిండ్రు. మా అక్కను చేసుకున్న తొమ్మిదేండ్లల్ల నా మాట మొత్తం వినే యోగం నీకిప్పుడే పట్టింది.

ఆ పలక ఇటియ్యి. బలపం గూడ. ఊహూఁ, ముందు ఇటియ్యి.

ఇది తేజస్విని పలకనే గద? మూలకు దాని జడ రిబ్బను కట్టి ఉంది. నీ బిడ్డ అక్షరాలు దిద్దే పలక మీద ఎడమచెయ్యితోని నువ్వేం రాసినవో నేను చదివిన బావా. అక్క తుడవకుండ దాచిపెట్టింది. నేను బత్తాయిలు పట్టుకొని వస్తే గడపలనే నిలబెట్టి చూపిచ్చింది. అక్షరాలు గొర్లు మేసిన చేనోలె ఉన్నయ్ గాని, మాట మాత్రం సాఫ్ ఉంది. "చీరెలకు బెల్టు నిరంజనే పెట్టిండు."

ఒక్క ముక్క. నీళ్ళు గూడ సన్నగొట్టంతోని తాగుతున్న మనిషివి, చెయ్యి లేవని మనిషివి, అంత కష్టపడి రాసిన మొదటి ముక్క అదేనా? ఆకలైతుందని రాయొచ్చు. నొస్తుందని రాయొచ్చు. నా పేరు రాసినవు.

నాకు మీసం రాకముందు నుంచి నీ ఎనకనే తిరిగిన. సైకిలు నేర్పింది నువ్వు. లైసెన్సు పరీక్షకు పాలమూరు తోలుకపోయింది నువ్వు. మా నాయిన స్టీరింగు వద్దు, మగ్గం నేర్చుకో అంటే, వానికి కుదురు లేదు మామా, బండే కరెక్టు అని నా దిక్కు మాట్లాడింది నువ్వు. గట్లాంటి మనిషి, దవడ పలిగినంక మొట్టమొదటి మాట నా మీద చాడీ.

అక్క తిట్టలే. తిడితే మంచిగుండు, తిట్లకు నాకు జవాబులుంటయ్. పలక చూపిచ్చి ఒక్కటే మాట అన్నది.

"చీరెలకు పెట్టనికె తెలిసిన చెయ్యి, మనిషికి పెట్టనికె ఏమైందిరా?"

అంతే. తలుపు ఏసుకుంది. గట్టిగ గూడ ఏయలే, మెల్లగ ఏసింది. బత్తాయిల సంచి నా చేతిలనే ఉండె.

వచ్చే శనివారం రాఖీ పున్నం. ఈసారి నాకు రాఖీ లేదంట. గడప ఎక్కొద్దంట. పక్కింటి సుభద్రమ్మతోని చెప్పి పంపింది. అటువంటి ముచ్చట నాకొక్కనికే చెప్పి ఊకుంటే ఆమె సుభద్రమ్మ ఎట్లయితది? స్టాండుల ఆటోలోళ్ళందరికి తెలిసింది. పొద్దుగాల పోతే, ఏం నిరంజన్, చీరెలన్ని క్షేమమేనా అని అడుగుతున్నరు. ఊరందరిని ఎక్కిరిచ్చే పోరణ్ణి బావా నేను. ఇప్పుడు నోరు మూసుకొని బోనెట్టు తుడుచుకుంటున్న. బోనెట్టు గూడ వేరేటోళ్ళది.

ఎవ్వరు చేసినా నువ్వు గిట్ల చెయ్యవనుకున్న.

అందుకే వచ్చిన. అక్క వచ్చేలోపల ఈ పలక మీద ఇంకో ముక్క రాయాలె నువ్వు. ఆ మూట ముంగట సీట్లకు ఎందుకొచ్చిందో రాయాలె. నా మాట అక్క ఇగ నమ్మదు, నీ మాట నమ్ముతది. రాస్తే రాఖీ కడుతది. లేకపోతే నాకు గీ ఇంట్ల గిలాసెడు నీళ్ళు గూడ పుట్టయి. జర ఆలోచన చెయ్యి.

ఆ దినం ఏమైందో మొత్తం నేనే చెప్త. తప్పుంటే కాలు ఆడియ్యి. కాలు బాగనే ఉంది గద?

పొద్దుగాల ఏడు గంటలు. గిదే అరుగు. పాన్‌గల్ పెండ్లోళ్ళ చీరెలు ఆరు. అక్క కండెలు చుడితే, నువ్వు మగ్గం గుంతల కాళ్ళు పెట్టి మూడు నెలలు నేసినవి. తెల్లగుడ్డల మూట గట్టి, నాలుగు కొసలకు పసుపు రాసి, పసిపిల్లను ఎత్తుకొచ్చినట్టు ఎత్తుకొచ్చినవు. నేను డిక్కీ తెరిచిన. నువ్వు నా దిక్కు ఎట్ల చూసినవు, ఏదో తాచుపాము బుట్టను తెరిచినట్టు.

మీ ఇంట్ల ఒక పట్టింపు ఉంది గద. పెండ్లిచీరె మగ్గం మీదికెళ్ళి కోసినంక, కట్టే పిల్ల చేతికి పోయేదాక నేల తగలొద్దు. కాళ్ళకాడ పెట్టొద్దు. డిక్కీల స్టెప్నీ పక్కన అసలే వద్దు. మీ తాత గట్లనే పాన్‌గల్ దాక నెత్తి మీద పెట్టుకొని నడిచిండంట, నడిమిట్ల యాడ గూడ దించలేదంట, మెడ పట్టుకుంటే మీ నాయినమ్మ వారం దినాలు ఉప్పుకాపడం పెట్టిందంట. ఆ కథ నాకు నోటికొచ్చు.

ఎనకసీట్ల పెడదామన్న. బ్రేకు కొడితే కింద పడుతదన్నవు. మరి నీ ఒళ్ళె పెట్టుకో అన్న. దారిల చాయ తాగాలె, బీడీ తాగాలె, మరక పడితే మూడు నెలల కష్టం పోతదన్నవు.

ఏంది, కాలు ఆడింది? ఈగ వాలిందా? ఈగనే. ఇంట్ల బెల్లం జావ కాస్తున్నరు, ఈగలుంటయ్.

ఇగ చీరెలు పోవాల్సింది యాడికి? ముంగట సీట్లకే. కూసోబెట్టిన మూట మూలమలుపుల జారుతది గద. అందుకే బెల్టు గుంజి, మూట మీదికెళ్ళి తెచ్చి, టక్కుమనిపిచ్చిన. కింద పడొద్దన్నది నువ్వు. పడకుండ చూసింది నేను. గిరాకీ మాట విన్న డ్రైవర్ను, అది గూడ తప్పేనా?

ఎనకసీటుకు బెల్టుల్లేవా అంటవు. ఉండె. కొత్త కవర్లు కుట్టిచ్చినప్పుడు లోపలికి తోసేసిన. కూసుంటే ఒత్తుకుంటున్నయని గిరాకీలే అన్నరు. గద్వాల స్టాండుల ఏ బండిలనన్నా చూడు, కవరు కిందనే ఉంటయ్. నేనొక్కణ్ణి చేసిన పని కాదది.

మంచిగనే పోయినం. ఎర్రవల్లి చౌరస్తాల నువ్వు దిగి చాయ తాగినవు. బీచుపల్లి బ్రిడ్జి మీద కృష్ణమ్మకు రెండు చేతులెత్తి మొక్కినవు. నేను నా తువ్వాల భుజం మీదికెళ్ళి రొమ్ము మీదికి ఏసుకొని, పాటలు పెట్టుకొని నడుపుతున్న. ఎండకాలంల గూడ ఆ తువ్వాల ఏందిరా అని నువ్వే ఎక్కిరిస్తుంటివి. స్టయిలు బావా అంటుంటిని.

పెబ్బేరు కాడ చెకింగు యాదుందా? హోంగార్డు కిటికీలకెళ్ళి తలకాయ పెట్టి మూటను చూసిండు. మూటకున్న బెల్టును చూసిండు. తర్వాత నన్ను జరంత ఎక్కువసేపు చూసిండు. ఎవరయ్యా ఇది అన్నడు. పెండ్లిపిల్ల సార్, సిగ్గు, ముసుగు తియ్యదు అన్న. వాడు నవ్వుకుంట పొమ్మన్నడు. నువ్వు గూడ ఎనక కడుపు పట్టుకొని నవ్వినవు. ఆ నవ్వు నేనిప్పటికీ మర్చిపోలే. మళ్ళ ఎప్పుడు నవ్వుతవో ఏమో గట్ల.

ఆడికెళ్ళి మూటకు దీపిక అని పేరు పెట్టిన. వనపర్తి దాటినా అదే ఆట. దీపికమ్మకు గాలి ఆడుతుందా, దీపికమ్మకు వాంతికొస్తుందా, మా బావ ఎనక ఉన్నడు, ఏమన్న అంటే చెప్పు తల్లీ. నువ్వు నీ రుమాలుతోని కండ్లు తుడుచుకొని, ముంగట చూసి నడుపురా పోరగా అన్నవు.

అదొక్కటి నువ్వు చెప్పినవు. ఒప్పుకుంట.

పాన్‌గల్ ఇంకో రెండు మైళ్ళు ఉంది. వాగు మీది మోరీ కాడ గొర్లమంద ఎక్కింది రోడ్డు మీదికి. నేను చూసేసరికే ఎక్కి ఉంది. ఎందుకు ముందుగాల చూడలేదంటే, దీపికమ్మతోని మాట్లాడుతున్న. బ్రేకు తొక్కిన, పక్కకు కోసిన. గొర్లకు ఏం కాలే. మోరీ గోడకు మనం తగిలినం.

సప్పుడు ఆగినంక నేను మొదట చూసింది మూటను బావా. కూసున్నది కూసున్నట్టే ఉంది. పసుపు గూడ చెదరలే. తర్వాత నన్ను చూసుకున్న. నేను గూడ కూసున్నట్టే ఉన్న. అప్పుడు ఎనకకు తిరిగిన. ఎనకసీట్ల నువ్వు లేవు.

నువ్వు మా ఇద్దరి నడిమిట్ల ఉన్నవు. దవడ గేరు రాడు మీద పెట్టి, చెయ్యి సీటు కింద ఇరికిచ్చుకొని. నీ నోట్లకెళ్ళి ఏదో మాట వస్తుండె. చీరెలు అన్నవనుకున్న. అదే అయ్యుంటది.

పెండ్లోళ్ళు అంబులెన్సు కంటె ముందే ట్రాక్టరు మీద ఉరికొచ్చిండ్రు. ముందు మూట ఎత్తుకున్నరు. నేల మీద పెట్టలే, ఒకరి చేతిలకెళ్ళి ఒకరి చేతికి ఇచ్చుకున్నరు. నిన్ను మాత్రం మోరీ పక్కన కంకర మీద పండబెట్టిండ్రు. మీ తాత పట్టింపు నిలబడ్డది. మొన్న పెండ్లయిందంట. ఆ చీరెల పిల్ల మస్తుగున్నదంట. ఎవ్వరో ఫోను చేసి నాకే చెప్పిండ్రు, ఏదో నేనే నేసినట్టు.

దవాఖానల అందరు నన్నే అడిగిండ్రు. బండి నుజ్జయింది, మనిషి నుజ్జయిండు, నీకేం కాలేదేందిరా అని. చేతి నేర్పు అని చెప్పిన. స్టీరింగు ఇడ్వలే, రొమ్ముకు స్టీరింగు తగిలి అంతటితోని పోయిందని చెప్పిన. అక్కకు గూడ అదే చెప్పిన. ఇప్పటికీ దగ్గితే నొస్తది.

ఇదీ కథ. దీంట్ల నా తప్పెంత? చెప్పు. మూట పట్టింపు నీది, గొర్లు గొల్లోళ్ళవి, కవరు కుట్టింది కర్నూలోడు. నువ్వు మాత్రం నా పేరొక్కటే రాసినవు.

కాలు ఆడియ్యకు. అయిపోయింది కథ.

ఆడియ్యకు అంటున్న గద. ఈగ లేదు, నేను గూడ చూస్తున్న. ఎక్కడ తప్పు చెప్పిన? గొర్ల కాడనా? చెకింగు కాడనా?

ఒళ్ళె ముచ్చట కాడ.

అగో, మళ్ళ ఆడింది.

సరే. మరక పడుతదన్న మాట నువ్వన్లే. నేను కలిపిన. ఇప్పుడు గిర్ని కాడికెళ్ళి నడుసుకుంట వస్తుంటే తయారు చేసుకున్న. మంచిగనే అతికింది గద. నువ్వు కాలు ఆడియ్యకపోతే నేనే నమ్ముదును.

నువ్వు ముంగటనే కూసున్నవు. మూట ఒళ్ళె పెట్టుకొని కూసున్నవు. మీ తాత నెత్తి మీద మోసిండు, నేను ఒళ్ళె మోస్త అన్నవు. నీకది కార్ల ముంగట కూసునుడు మొదటిసారి. తలుపు పక్కన వేలాడుతున్న బెల్టును రెండు వేళ్ళతోని పట్టుకున్నవు. నూలు మంచిదా కాదా అని చూస్తవు గద, గట్ల అంచు తడిమి చూసినవు. గట్టి నేత అన్నవు. తర్వాత నన్ను అడిగినవు.

"ఇది ఎట్ల పెట్టుకోవాలెరా?"

ఒక్క మాటనే అడిగినవు. చూపిచ్చుడు ఎంతసేపు? గుంజి టక్కుమనిపిస్తే అయిపోయేది.

నేను నవ్విన. అరుగు మీద అక్క ఉంది, సుభద్రమ్మ ఉంది, వాళ్ళకు వినబడేటట్టు నవ్విన. నేను నడుపుతుంటే బెల్టెందుకు బావా, గంత పానం మీద తీపి ఉంటే ఎనక కూసో, ఈ సీట్ల చీరెలను కూసోబెడుదాం, అవి నీకంటె ధైర్యంగుంటయ్ అన్న. సుభద్రమ్మ కొంగు నోట్ల పెట్టుకొని నవ్వింది. అక్క గూడ నవ్వింది. అక్కకది యాద్ లేదు. ఉంటే నన్ను గాదు, తనను తానే తిట్టుకుంటది. అందుకే నేను గూడ యాద్ చెయ్యలే.

నువ్వు కోపం చెయ్యలే. బెల్టు ఊకె ఇడిస్తే టప్పుమని కొడుతదని, మెల్లగ చేతితోని పట్టుకొని లోపలికి పంపినవు. మూట సీట్ల పెట్టి, దిగి, ఎనక కూసున్నవు. అప్పుడు నేను నవ్వు ఇంకింత చేద్దామని ఆ బెల్టు మూటకు పెట్టిన. జారుతదని పెట్టలే బావా. నిన్ను ఎక్కిరియ్యనికె పెట్టిన.

ఇదంత నీకు తెలుసు. నువ్వు మర్చిపోలే, కాలే చెప్తుంది. మరి పలక మీద ఎందుకు రాయలే? నిరంజన్ నవ్విండు అని రాస్తే, రెండే మాటలు. అది రాయలే. సగం రాసి ఇడిచినవు. పది దినాల నుంచి నువ్వు నన్ను పట్టిచ్చినవని నాలో నేనే మొత్తుకుంట తిరుగుతున్న. మొత్తం పట్టిచ్చి ఉంటే నాకు ఈ గంట తప్పేది. అక్క ఒక్కసారే నాలుగు తన్ని లోపలికి రానిచ్చేది. ఇప్పుడు నోటితోని చెప్పుకునే పని నా నెత్తి మీద పెట్టినవు. ఇదన్యాయం గాదా?

చెయ్యి చాపుతున్నవేంది? బలపమా? ఇస్త. జర ఆగు.

బయట గంప దించిన సప్పుడైంది. అక్కనా? సుభద్రమ్మదా? సుభద్రమ్మదే. సరే, తొందరగ చెప్త. ఇంకొకటుంది. అది నీకు గూడ తెల్వదు.

దగ్గరికి రా. అంగీ గుండీ ఇప్పుతున్న, భయపడకు. స్టీరింగు గుండ్రంగుంటది గద బావా? మరి ఇది చూడు. కుడిభుజం కాడికెళ్ళి ఎడమ నడుము దాక. ఒక్క తీరు ఎడల్పు, నీ చీరె అంచోలె. మొదట నల్లగుండె, ఇప్పుడు పచ్చబడుతుంది. అక్క నూనె రాస్తనంటే వద్దని పారిపోయింది అందుకే.

నేను పెట్టుకున్న.

ఆ దినమొక్కటే గాదు. ఐదేండ్ల నుంచి దినాము పెట్టుకుంట. బండి పట్టిన మొదటి నెలల మన్ననూర్ ఘాట్ల ఒక జీపు బోర్లపడ్డది చూసిన. లోపల డ్రైవరు నా వయసోడే. ఆడికెళ్ళి బెల్టు లేకుండ కూసుంటే నాకు ఆ జీపే కనబడుతది. స్టాండుల తెలిస్తే నవ్వుతరని తువ్వాల ఏసుకుంట మీదికెళ్ళి. పెబ్బేరు హోంగార్డు చూసిండు, వాడొక్కడే చూసిండు, ఏమన్లే. ఎనక కూసున్నోళ్ళకు కనబడదు. ముంగట కూసుంటేనే కనబడుతది.

ముంగట ఎవ్వరన్న కూసున్న దినం నేను పెట్టుకోను. ఆ దినాలు బండి నడుపుతున్నట్టుండదు, పానం చేతిల పట్టుకొని పోతున్నట్టుంటది.

పాన్‌గల్ దూరం బావా. అంత దూరం నువ్వు నా పక్కన కూసుంటే నేనెట్ల పెట్టుకోవాలె? అందుకే నవ్విన. అందుకే నిన్ను ఎనకకు పంపిన.

ఇగో పలక, ఇగో బలపం. ఎడమచెయ్యితోని మెల్లగ మొత్తం రాయి. నా పేరు నీకిప్పుడు అలవాటే గద.